సముద్ర వర్ణన

ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు ఉండాలని హైస్కూల్లో మా తెలుగు మాస్టారు చెప్పేవారు. నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, సూర్యోదయం, చంద్రోదయం అంటూ ఆయన వేళ్లు ముడుస్తూ లెక్కపెడుతుంటే నా మనసు రెండవ వేలి దగ్గరే ఆగిపోయేది. మాది గుడివాడ దగ్గరి పల్లెటూరు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ముందే బందరు రేవు చేరవచ్చు. అయినా పద్నాలుగేళ్లు వచ్చేవరకు నేను సముద్రాన్ని చూడలేదు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు.

మా అమ్మ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఆమె తల్లి, ఇద్దరు తమ్ముళ్లు కొట్టుకుపోయారు. అప్పటికి అమ్మకు పదిహేడేళ్లు. తాటిచెట్టును కావిలించుకుని ఆమె తెల్లవారేదాకా ఉండిపోయిందట. ఆ రాత్రి పదివేలమందికి పైగా చనిపోయారని పుస్తకాలలో ఉంది. ఆ సంఖ్యను నేను చరిత్ర విద్యార్థిగా ఎన్నోసార్లు రాశాను, ఉద్యోగిగా నివేదికలలో ఉటంకించాను. కాని ఆ రాత్రి గురించి అమ్మ ఇన్నేళ్లలో నాతో చెప్పినదంతా పోగుచేసినా ఐదు వాక్యాలకు మించదు. మరుసటి సంవత్సరమే మేనమామ ఆమెకు పెళ్లి చేసి, సముద్రానికి వీలైనంత దూరంగా పంపించాడు. కృష్ణా జిల్లాలో సముద్రానికి దూరమంటే ఎంత దూరం? గాలి తిరిగితే తేమ మా పెరట్లోకి వచ్చేది.

నేను మొదటిసారి సముద్రాన్ని చూసింది అబద్ధం చెప్పి. బడివాళ్లు మంగినపూడి తీసుకువెళ్తుంటే, అమరావతి వెళ్తున్నామని ఇంట్లో చెప్పాను. తిరిగి వచ్చాక నా చెప్పుల్లో ఇసుక అమ్మ చూసింది. ఏమీ అనలేదు. పెరట్లోకి తీసుకువెళ్లి దులిపింది. అంతే.

తరువాత నాగార్జున విశ్వవిద్యాలయంలో చరిత్రలో ఎం.ఏ. చేశాను. ఉద్యోగం వచ్చింది. కొన్నేళ్లు విశాఖపట్నంలో పనిచేశాను. అమ్మను రప్పించుకుని సింహాచలం దర్శనం చేయించాను. తిరుగుదారిలో కారు బీచి రోడ్డు ఎక్కేసరికి ఆమె ముఖం అటువైపున్న మేడలకేసి తిప్పుకుంది. ఆపమంటావా అని అడిగాను. "నువ్వెళ్లి చూసిరా నాన్నా. నేను కారులో కూర్చుంటాను" అంది. నేనూ దిగలేదు.

ఉద్యోగరీత్యా సముద్రం నాకు పని అయింది. వాయుగుండం ఏర్పడిందనగానే సెలవులు రద్దయ్యేవి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఒక మత్స్యకార గ్రామంలో మైకు పట్టుకుని ఇళ్లు ఖాళీ చేయమని గొంతు పోయేలా అరిచాను. ఒక ముసలామె గడపలోంచి కదలకుండా, "తీసుకెళ్తారు సరే, మళ్లీ తెచ్చి దింపుతారా బాబూ?" అని అడిగింది. దింపుతామని చెప్పాను. దింపాము కూడా. కాని ఆ ప్రశ్నలోని అనుమానం నా మీద కాదనీ, నాకంటే ముందు వచ్చి వెళ్లిన అధికారులందరి మీదా అనీ నాకు అప్పుడే తెలుసు.

ఇంత సుదీర్ఘంగా చెప్పడానికి కారణం ఉంది. పనేమీ లేకుండా, ఎవరినీ హెచ్చరించే బాధ్యత లేకుండా, సముద్రాన్ని చూడడం కోసమే సముద్రం దగ్గరకు వెళ్లడం నాకు నలభై ఆరో ఏట జరిగింది. అది కూడా మన తీరంలో కాదు. కావేరి సముద్రంలో కలిసే తీరంలో, తరంగంపాడిలో.

జనవరి నెలలో ఒక సమావేశం కోసం తంజావూరు వెళ్లాను. సాయంకాలాలు ఖాళీ దొరికితే సరస్వతీ మహలు గ్రంథాలయం వైపు నడిచేవాణ్ణి. నాయక రాజుల కాలంనాడు తమిళదేశం నడిబొడ్డున తెలుగు కవిత్వం ఎంత ఠీవిగా వెలిగిందో ఆ తాళపత్రాలు ఇప్పటికీ సాక్ష్యం పలుకుతాయి. రఘునాథ నాయకుడు స్వయంగా కవి. వాల్మీకి చరిత్ర రచించాడు. చేమకూర వేంకటకవి విజయవిలాసాన్ని అంకితం పుచ్చుకున్నాడు. మధురవాణి, రామభద్రాంబ ఆయన ఆస్థాన విదుషీమణులు. సమావేశం చివరిరోజున నాతోపాటు కూర్చున్న తమిళ అధికారి, "మీ రఘునాథ నాయకుడు డేన్మార్కు వాళ్లకు ఇచ్చిన ఊరు ఇక్కడికి 100 కిలోమీటర్లే. రెండు రోజులు సెలవు పెట్టి చూసి వెళ్లండి. గది నేను చెబుతాను" అన్నారు. ఆ "మీ" అన్న మాట నన్ను లాక్కుపోయింది.

కుంభకోణం, మయిలాడుతురై మీదుగా ప్రయాణం. రెండు పక్కలా కోతకు వచ్చిన వరి. కాలువ గట్లు, లాకులు, కొబ్బరిచెట్లు, గట్టు మీద ధాన్యపు బస్తాలు. కారు కిటికీలోంచి చూస్తుంటే అవనిగడ్డ దారిలో వెళ్తున్నట్టే ఉంది. డెల్టాలన్నీ ఒక్కలాగే ఉంటాయి కాబోలు. నది తెచ్చి పోసిన మట్టి మీద మనిషి వరి నాటుతాడు. వరి ఉన్నచోట జనం పెరుగుతారు. ఆ జనమంతా సముద్రానికి రెండు మూడు మూరల ఎత్తున మాత్రమే నివసిస్తారు.

సాయంకాలం నాలుగు గంటలకు తరంగంపాడి చేరాము. అలల పాట వినిపించే ఊరని ఆ పేరుకు అర్థం చెబుతారు. యూరోపువారి నోట అది ట్రాంక్విబార్ అయింది. నాకు దొరికిన బస ఒకప్పుడు బ్రిటిష్ పాలనాధికారి నివాసంగా ఉండి, ఇప్పుడు హోటలుగా మారిన బంగళా. తెల్లటి గోడలు, బారుగా స్తంభాలు, మేడ మీద విశాలమైన వరండా, వరండాలో పడక కుర్చీలు. గది తలుపులు మా ఊరి రామాలయం తలుపులంత ఎత్తున్నాయి. మంచం మీద దుప్పటి మల్లెపువ్వులా ఉంది. గది చూపించిన కుర్రవాడు కిటికీ తెరిచి, పక్కకు తప్పుకుని, సముద్రాన్ని నాకు అప్పగించినట్టు చేయి చాచాడు.

డవరా గ్లాసులో కాఫీ వచ్చింది. వరండాలో కూర్చున్నాను. కింద కాస్త తోట, దాని అవతల ఇసుక, ఇసుక అవతల బంగాళాఖాతం. ఒక అల వచ్చేది, విరిగేది, వెనక్కు పోయేది. మరొకటి వచ్చేది. కాఫీ అయిపోయినా నేను లేవలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా ఉన్నమాట చెప్పాలి. నాకు చాలా బాగుంది. ఆ బాగుండడం వెంటనే, ఎవరో చూస్తున్నట్టు, అమ్మ చెప్పుల్లోంచి ఇసుక దులిపిన పెరడు జ్ఞాపకం వచ్చింది.

పొద్దు ఉండగానే ఊరు చూద్దామని బయలుదేరాను. బంగళా ముందు మైదానం, దాని అవతల డాన్స్‌బోర్గ్ కోట. ఇసుకరంగు గోడలు పడమటి ఎండలో లేత గులాబీగా కనిపించాయి. ఈ కోటకు మూలం ఒక ఓడ మునక. 1618లో డేన్మార్కు నుంచి ఓవె గెడ్డె నాయకత్వాన ఓడలు సింహళానికి బయలుదేరాయి. వాటికంటే ముందుగా వచ్చిన రోలాండ్ క్రాపె ఓడను కారైకాల్ సమీపంలో పోర్చుగీసువారు ముంచివేశారు. ప్రాణాలతో ఒడ్డుకు చేరిన క్రాపె తంజావూరు ఆస్థానానికి వెళ్లాడు. ఆయన మాట్లాడి కుదిర్చిన సంబంధమే 1620 నవంబరులో ఒప్పందమైంది. రఘునాథ నాయకుడు డేన్మార్కు రాజు నాల్గవ క్రిస్టియన్‌కు బంగారు రేకు మీద తమిళంలో చెక్కించిన లేఖ పంపించాడు. ఆ రేకు నేటికీ కోపెన్‌హాగెన్‌లో భద్రంగా ఉంది. తెలుగులో కవిత్వం చెప్పే రాజు, తమిళంలో రాయించిన లేఖ, మిరియాల కోసం వచ్చిన డేన్మార్కు వర్తకులు. ఇంత కథకూ మొదట నిలిచింది సముద్రంలోంచి బతికి బయటపడిన ఒక మనిషి.

కోట నుంచి రాజవీధి మొదలై పడమరగా ఊరి ద్వారం దాకా వెళ్తుంది. ద్వారం 1792 నాటిది. వీధికి ఒక పక్క 1701 నాటి జియాన్ చర్చి, మరొక పక్క 1718లో కట్టిన న్యూ జెరూసలేం చర్చి. 1706 జూలైలో ఈ ఒడ్డున దిగిన జీగెన్‌బాల్గ్ ఇక్కడ అచ్చుయంత్రం నెలకొల్పి, 1715లో తమిళ కొత్త నిబంధన వెలువరించాడు. ఆయన సమాధి ఆ చర్చిలోనే ఉంది. ఆయన కన్నుమూసిన 1719లోనే ఇక్కడికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ ఆ తరువాత మద్రాసు చేరి తెలుగు నేర్చుకున్నాడు. జర్మనీలోని హాలె పట్టణంలో 1746 ప్రాంతంలో తొలి తెలుగు పుస్తకాలు అచ్చయింది ఆయన వల్లనే. అంటే మన అక్షరం అచ్చులోకి నడిచిన దారి కూడా ఈ వీధిలోంచి కొంత దూరం సాగింది. వీధిలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఒక మేక చర్చి గోడ నీడన పడుకుని నెమరు వేస్తోంది.

1845లో డేన్మార్కువారు ఈ ఊరిని, బెంగాలులోని శ్రీరాంపూరును కలిపి 12.5 లక్షల రూపాయలకు ఈస్టిండియా కంపెనీకి అమ్మివేశారు. కొన్నాళ్లు తంజావూరు జిల్లా కేంద్రం ఇక్కడే ఉంది. కేంద్రం తరలిపోయింది. వర్తకం నాగపట్నానికి పోయింది. రాజులు, వర్తకులు, మతబోధకులు, కలెక్టర్లు ఒకరి తరువాత ఒకరు వెళ్లిపోగా ఊరు దానిపాటికి అది మిగిలింది.

రాత్రి భోజనం వరండాలోనే పెట్టారు. చీకట్లో సముద్రం కనిపించదు, వినిపిస్తుంది. తిరిగి గదిలోకి వెళ్తూ మెట్లు లెక్కపెట్టాను. ఇది ఉద్యోగం నేర్పిన దురలవాటు. ఏ తీరగ్రామానికి వెళ్లినా మొదట పునాది ఎత్తు చూస్తాను, తరువాత మేడ ఉందా అని చూస్తాను. తుపాను రక్షిత భవనాలను స్తంభాల మీద కడతాము. నీరు కింద నుంచి పోతుంది, మనుషులు పైన ఉంటారు. దివిసీమలో ఆ రాత్రి గట్టి డాబా ఎక్కగలిగినవారు బతికారు. తాటాకు ఇళ్లలో ఉన్నవారికి చెట్లు తప్ప వేరే మేడ లేదు. 1864 నవంబరు 1న బందరు మీద విరుచుకుపడి సుమారు 30,000 మందిని తీసుకుపోయిన ఉప్పెన గురించి చదివినప్పుడు కూడా నాకు ఇదే తోచింది. సముద్రం అందరి మీదా ఒక్కలాగే వస్తుంది. ఎవరు ఎంత ఎత్తున ఉన్నారన్నది మాత్రం అంతకు చాలాకాలం ముందే నిర్ణయమై ఉంటుంది. నేను సుఖంగా కూర్చుని కాఫీ తాగిన వరండా కూడా ఒక ఎత్తే. నాకు కలిగిన ఆనందానికి కింద ఒక అంతస్తు, మందమైన గోడలు, బలమైన స్తంభాలు ఉన్నాయి. అవి లేకపోతే ఈ దృశ్యమే వేరు.

నిద్ర పట్టలేదు అనను. పట్టింది. అయిదు గంటలకు మెలకువ వచ్చింది.

చెప్పులు వరండాలోనే వదిలి ఇసుకలోకి దిగాను. తూర్పున ఇంకా బూడిదరంగే. ఉత్తరం వైపు నడవడం మొదలుపెట్టాను. తడి ఇసుక మీద నడవడం సులువు. పొడి ఇసుక కాలిని లోపలికి లాగుతుంది. ఆ రెండింటి మధ్య గీత అల వచ్చినప్పుడల్లా మారుతుంటుంది. మనిషి దానితోపాటు పక్కకు జరుగుతూ, ముందుకు పోతూ, ఒక రకమైన పిల్లల ఆటలో పడతాడు. చిన్న పీతలు బొరియల్లోంచి వచ్చి నా నీడ పడగానే మాయమవుతున్నాయి. సముద్రపు అంచున ఒక ఎర్రటి గీత గీసినట్టయింది. గీత వెడల్పయింది. సూర్యుడు పైకి వచ్చాడు. మాస్టారు ముడిచిన వేళ్లలో రెండు ఒక్కసారే నా ముందు విప్పుకున్నాయి.

కొద్దిదూరంలోనే మాసిలామణినాథుని గుడి. 1306లో పాండ్యరాజు మారవర్మ కులశేఖరుడు కట్టించినది. అప్పుడు సముద్రం దూరంగా ఉండేదనుకోవాలి. దశాబ్దాల తరబడి తీరం కోతపడుతూ వచ్చి, గుడి ముందుభాగాన్ని సముద్రం తీసుకుపోయింది. మిగిలిన భాగానికీ నీటికీ మధ్య పెద్ద పెద్ద బండరాళ్లు పేర్చారు. అల ఆ రాళ్లకు తగిలి తుంపరలుగా లేచి గుడి గోడ మీద పడుతోంది. ఉప్పుగాలికి అరిగిన రాయిని చేత్తో తాకాను. ముక్కుపొడుంలా వేలికి అంటుకుంది. ఏడు వందల ఏళ్ల రాయి. అర్చకుడు వచ్చి గుడి తలుపు తీశాడు. లోపల దీపం వెలిగించిన వెలుగు గుమ్మంలోంచి బయటకు కనిపించింది.

గుడి దాటాక పడవలు. ఇప్పుడవి చెక్కతో కట్టిన తెప్పలు కావు, ఇంజను బిగించిన ఫైబరు పడవలు. రాత్రి వెళ్లినవి అప్పుడే తిరిగి వస్తున్నాయి. ఆడవాళ్లు ప్లాస్టిక్ తట్టలతో నీళ్లలో మోకాటి లోతుకు దిగి నిలబడ్డారు. వెండిరంగు చిన్న చేపలు వలలో ఇంకా కొట్టుకుంటున్నాయి. బేరాలు, కేకలు, తలకు గుడ్డ చుట్టుకున్న వ్యాపారులు, తూనిక. నేను రాత్రి కడుపునిండా నిద్రపోయిన సమయంలో వీళ్లు నీటి మీద ఉన్నారు. సుందరమైన ప్రభాతమని నేను అనుకుంటున్నది వీళ్లకు పనిదినం ముగిసే వేళ.

ఒక పక్కగా బోర్లించిన పడవ నీడలో ఒక వృద్ధుడు వల బాగుచేస్తున్నాడు. నా తమిళం అంతంతమాత్రం. అయినా "ఐయా" అని పిలిచి, కూర్చోవచ్చా అని అడిగాను. వల కొద్దిగా పక్కకు జరిపాడు. ఏ ఊరు అని అడిగాడు. ఆంధ్రా అన్నాను. "సముద్రం ఉందా మీ ఊళ్లో?" అన్నాడు. ఉంది, మా అమ్మ ఊళ్లో, అన్నాను.

2004 డిసెంబరు 26 గురించి నేను అడగలేదు. అడగడానికి మనసు రాలేదు. సునామీ వచ్చిన ఆ ఆదివారం ఉదయం అప్పటి నాగపట్నం జిల్లా ఒక్కదానిలోనే ఆరువేలమందికి పైగా చనిపోయారు. తరంగంపాడిలో వందల కుటుంబాలలో ఎవరో ఒకరు పోయారు. ఆయనే మాటల మధ్య చెప్పాడు. భార్య చేపలు అమ్మడానికి ఒడ్డున ఉందట. ఆయన నడిసముద్రంలో పడవ మీద ఉన్నాడు. అక్కడ సముద్రం కొంచెం ఉబ్బి తగ్గినట్టు అనిపించింది తప్ప మరేమీ తెలియలేదట. ఒడ్డుకు వచ్చి చూస్తే ఒడ్డు లేదు. "నీళ్లలో ఉన్నవాణ్ణి బతికాను, నేల మీద ఉన్నది పోయింది" అన్నాడు. సూది ఆగలేదు.

సునామీ తరువాత 2005లో తమిళనాడు ప్రభుత్వం, తీరానికి 200 మీటర్ల లోపల ఉన్న కుటుంబాలు కోరుకుంటే దూరంగా కొత్త ఇళ్లు ఇచ్చే ఏర్పాటు చేసింది. పాత స్థలం వదులుకోవాలన్నది షరతు. అటువంటి ఉత్తర్వుల ముసాయిదాలు నేనూ రాశాను. వాటి వెనుక దురుద్దేశం ఉండదు. ప్రాణాలు కాపాడాలనే తపన ఉంటుంది. మీ ఇల్లు ఎక్కడ అని అడిగాను. గడ్డంతో పడమర వైపు చూపించాడు.

"మంచి ఇల్లే సార్. పైకప్పు కారదు. కరెంటు ఉంది. నీళ్లు రావు."

"మరి ఇబ్బందేమీ లేదా?"

"ఇల్లు అక్కడ ఇచ్చారు. పని ఇక్కడ ఉంది. రాత్రి రెండు గంటలకు గాలి ఎటు తిరిగిందో అక్కడ పడుకుంటే తెలియదు. ఇదివరకు నిద్రలోనే తెలిసేది."

కొంచెం ఆగి, మా బంగళా వైపు చూసి, నవ్వుతూ అడిగాడు: "మీరు అందులో దిగారా? రాత్రి మీకు వినిపించిందా?"

వినిపించిందన్నాను.

"అయితే మాకంటే మీరే దగ్గర ఉన్నారు" అన్నాడు.

అందులో ఎత్తిపొడుపు ఏమైనా ఉందేమోనని ఆయన ముఖం చూశాను. లేదు. ఉన్న విషయం చెప్పాడు. ఈ తీరంలో పుట్టినవాడు అలల చప్పుడుకు దూరంగా పడుకుంటున్నాడు. నూట యాభై ఏళ్లనాడు పాలకుడి కోసం కట్టిన ఇంట్లో, నాలాంటివాడు రెండు రాత్రుల కోసం వచ్చి ఆ చప్పుడు వింటూ నిద్రపోతున్నాడు. నియమానికి కారణం ఉంది. బంగళా పాతది, గట్టిది, మేడ ఉన్నది. రెండు వైపులా న్యాయం చెప్పవచ్చు. నేను ఫైలు మీద రాయవలసి వస్తే ఇంతకంటే వేరుగా రాయగలనా అని ఆలోచించాను. రాయలేను. అయితే ఫైలులో "తీరానికి దూరం" అని ఒక గడి ఉంటుంది. అందులో మీటర్లు రాస్తాము. గాలి తిరిగిన చప్పుడు నిద్రలో వినగలిగే దూరం ఎంత అని ఏ గడిలోనూ అడగము. ఆ ఒక్క ప్రశ్నా అడిగి ఉంటే ఒడ్డున వలలకు, మనుషులకు కలిపి ఒక ఎత్తైన గట్టి డాబా కావాలని ఎవరో ఒకరు చెప్పి ఉండేవారు. విశాఖ తీరంలో ఆ ముసలామె నన్ను అడిగిన ప్రశ్న కూడా, విప్పి చూస్తే, ఇదే.

లేచి వస్తుంటే అడిగాను, సముద్రం మీద కోపం లేదా అని. చదువుకున్నవాళ్లు అడిగే ప్రశ్న అది. ఆయన సూది నోట్లో పెట్టుకుని, ముడి బిగించి, అప్పుడు జవాబు చెప్పాడు. "కోపం ఉంటే అన్నం ఎక్కడిది? మొదట్లో మూడు నెలలు రాలేదు. తరువాత వచ్చాను. మీరు చూడండి సార్. చూడడానికి ఎవరికీ బాకీ లేదు."

బంగళాకు తిరిగి నడిచాను. ఎండ చురుక్కుమంటోంది. అదే ఇసుక, అదే తడి గీత. ఈసారి నేను అలలతో ఆడలేదు. కాని చూడడం మానలేదు. నీరు దగ్గర గోధుమరంగుగా, తరువాత ఆకుపచ్చగా, దూరాన నీలంగా మారింది. ఆ మార్పు ఎక్కడ జరుగుతోందో పట్టుకోవాలని ప్రయత్నించి ఓడిపోయాను. ప్రబంధకవులలో ఎంతమంది సముద్రాన్ని నిజంగా చూశారో అని చిన్నప్పుడు సందేహం ఉండేది. చూసినా రాజసౌధం మీద నుంచి చూసి ఉంటారు. అందులో తప్పు లేదు, సౌధం మీద నుంచి కూడా సముద్రం సముద్రమే. అమ్మ తాటిచెట్టు మీద నుంచి చూసినదీ, ఆ వృద్ధుడు పడవ మీద నుంచి చూసినదీ ఆ పద్దెనిమిది వర్ణనలలో ఎక్కడా చేరలేదు. అంతే నేను అనగలిగింది.

వరండాలో కూర్చోగానే ఫోను మోగింది. ప్రతిరోజూ ఎనిమిది గంటలకు అమ్మ ఫోను చేస్తుంది. ముప్పై ఏళ్లుగా సముద్రం ఉన్న ఊళ్లకు వెళ్లినప్పుడల్లా నేను ఆ మాట దాటవేస్తూనే వచ్చాను.

"ఎక్కడున్నావురా? తంజావూరు పని అయిందా?"

"అయిందమ్మా. ఇప్పుడు తరంగంపాడి అని ఒక ఊళ్లో ఉన్నాను." ఒక్క క్షణం ఆగాను. "సముద్రం ఒడ్డున."

అవతల నిశ్శబ్దం. ఫోను పెట్టేస్తుందేమో అనుకున్నాను.

"గుడి ఉందా అక్కడ?"

"ఉంది. సగం సముద్రం తీసుకుపోయింది."

"మిగతా సగంలో దీపం పెడుతున్నారా?"

"పెడుతున్నారమ్మా. పొద్దున చూశాను."

"ఎలా ఉంది?" అంది. గుడి సంగతే అనుకుని చెప్పబోయాను. "గుడి కాదురా. అది" అంది. పేరు ఎత్తలేదు.

అష్టాదశ వర్ణనలు చదివినవాణ్ణి, నాకు మాట రాలేదు. తడబడుతూ చెప్పడం మొదలుపెట్టాను. దగ్గర గోధుమరంగుగా ఉందమ్మా, మధ్యలో ఆకుపచ్చ, దూరంగా నీలం. అలలు పెద్దవేమీ కావు, మనిషి నడుము ఎత్తు ఉంటాయి. పడవలు వచ్చేశాయి. చేపలు అమ్ముతున్నారు. ఎండ వచ్చింది. ఆమె ఊఁ కొడుతూ విన్నది. చిన్నప్పుడు నేను పాఠం అప్పచెబుతుంటే వంటింట్లోంచి అలాగే ఊఁ కొట్టేది.

"ఫోను అటు పెట్టు" అంది.

లేచి వరండా చివరకు వెళ్లి, చేయి బయటకు చాచి, ఫోను సముద్రం వైపు పట్టుకున్నాను. ఎంతసేపో తెలియదు. నాలుగైదు అలలు వచ్చి వెళ్లాయి. తిరిగి చెవికి ఆనించుకున్నాను.

"ఆ రాత్రి ఇలా లేదురా" అంది అమ్మ. "ఆ రాత్రి చప్పుడు వేరు. మధ్యలో ఆగేది కాదు. ఇది ఆగి ఆగి వస్తోంది."

నేనేమీ మాట్లాడలేదు. నలభై ఆరేళ్లలో ఆమె నాకు చెప్పిన ఆరో వాక్యం అది.

"సరే, ఎండలో తిరక్కు. టిఫిను చేశావా?"

ఇంకా లేదన్నాను. చేయమంది. కిందికి వెళ్లాను. బల్ల మీద ఇడ్లీలు, కొబ్బరి పచ్చడి, వేడి సాంబారు పెట్టి కుర్రవాడు ఎదురుచూస్తున్నాడు. కుర్చీని సముద్రానికి ఎదురుగా తిప్పమంటారా అని అడిగాడు. తిప్పమన్నాను.